నాన్న కుడిచేతికి కట్టు

ఇవాళ పొద్దున్న కుక్కర్ మూత తీసేసరికి ఇల్లంతా దుబ్‌రాజ్ బియ్యం వాసన కమ్ముకుంది. మా అబ్బాయి కుమ్హారి వైపు పని మీద వెళ్ళి, ఎవరో రైతు ఇంట్లో కొని తెచ్చేడు. షాపుల్లో అదే పేరు పెట్టి అమ్మే బియ్యం చాలా తిన్నాం గాని, వాటికి పేరే తప్ప వాసన ఉండదు. ఇది అసలుది. రెండో విజిల్‌కే తెలిసిపోయింది నాకు.

మా మనవరాలు నా చంకలో ఉంది. ఏడాదిన్నర పిల్ల. పొద్దున్నించీ నాతోపాటు వంట చేస్తోంది. అంటే పెసరపప్పు డబ్బా బోర్లించి, ఒక్కో గింజా ఏరి నా టీ గ్లాసులో వేస్తోంది. ఆ టీ నేను తాగేను కూడా, ఏం చేస్తాం! అంత కష్టపడి వండిన మనిషి, తీరా పప్పూ నెయ్యీ కలిపి నోటి దగ్గర పెడితే మాత్రం మూతి బిగించేసింది. బతిమాలినా లేదు, పాట పాడినా లేదు.

మా కోడలు ఇక్కడ భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు బాగానే మాట్లాడుతుంది గాని, కంగారొస్తే హిందీలోకి దూకేస్తుంది.

"అత్తయ్యా, నిన్నట్నించి ఒక్క దానా కూడా తినలేదు ఇది. వెయిట్ తగ్గిపోతే? మీరు చిన్నప్పుడు మీ తమ్ముడికి రోజూ తినిపించేవారట కదా. కైసే? చెప్పండి ప్లీజ్."

"తినిపించడం ఏటే తల్లీ! నేనే తినేసేదాన్ని."

పాపం, ఆ పిల్లకి అర్థం కాలేదు. అత్తగారికి వయసు మీద పడుతోంది అనుకుని ఊరుకున్నట్టుంది. మీకైనా చెప్తాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మాది సెక్టారులో ప్లాంటు క్వార్టరు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న వరండా, దాని వెనక పెరడు. నాన్న రోలింగ్ మిల్లులో షిఫ్టు ఇంజనీరు. అమ్మ, నేను, రెండేళ్ళు ఇంకా నిండని తమ్ముడు, మా మామ్మ. మామ్మ అంటే నాన్నకి అమ్మ. తమ్ముడి పురిటికి సాయమని విజయనగరం అవతల పల్లెటూరి నించి వచ్చి, "ఈ ఊరు నాకు పడదమ్మా" అని రోజూ అంటూనే మాతో ఉండిపోయింది.

ఆవిడ పొట్టి మనిషే గాని గొంతు మాత్రం నాలుగిళ్ళ అవతలికి వినిపించేది. "ఇదేటి ఊరర్రా! తెల్లబట్ట ఆరేస్తే సాయంత్రానికి ఎర్రబట్టయి వస్తంది!" అని ప్లాంటు దుమ్మును తిట్టేది. కందిపప్పు బాగా ఉడకదని, నీళ్ళలో సున్నం ఉందని, వంకాయలకి రుచి లేదని తిట్టేది. ఒక్క దుబ్‌రాజ్ బియ్యాన్ని మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు. అన్నం వార్చేటప్పుడు గంజి గిన్నె మీద ముఖం పెట్టి, కళ్ళు మూసుకుని ఆ ఆవిరి పీల్చేది. ఎవరైనా చూస్తే మాత్రం "కళ్ళు మండుతున్నాయి, ఆవిరి పడతన్నాను" అనేది.

అప్పటికి మాకు గ్యాసు రాలేదు. బొగ్గుల కుంపటి మీదే వంట, ఇక్కడ సిగిడి అంటారు దాన్ని. పొద్దున్నే పెరట్లో పెట్టి రాజేసి, పొగంతా పోయేక వంటింట్లోకి తెచ్చేవారు. సెక్టారులో ప్రతి పెరట్లోంచీ ఒకే టైముకి ఆ పొగ లేచేది. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు పొగ వాసనొస్తే నాకు ముందు ఆకలేస్తుంది, తరవాతే దగ్గొస్తుంది.

మామ్మ పెట్టిన రూల్సు ప్లాంటు రూల్సుకన్నా ఎక్కువ. తడికాళ్ళతో వంటింట్లోకి రాకూడదు. ఆవకాయ జాడీ మూత పిల్లలు తియ్యకూడదు. అన్నిటికన్నా పెద్ద రూలు, ఎడం చెయ్యి. ఎడం చేత్తో గ్లాసందిస్తే పుచ్చుకునేది కాదు. ఎడం చేత్తో ఉప్పు వేస్తే ఆ కూర పక్కన పెట్టేసేది. ఇక ఎడం చేత్తో అన్నం ముట్టుకుంటే, ఒలమ్మో, గరిటె ఎక్కడుందా అని వెతికేది. ఆ గరిటె రుచి నాకు బాగా తెలుసు.

ఆ ఏడు ఎండలు ముదిరేక తమ్ముడికి తట్టు పోసింది. పది పన్నెండు రోజులు వాడు మనిషి కాలేదు. నాన్న సెలవు పెట్టి, వాణ్ణి భుజమ్మీంచి దించకుండా మోసేడు. జ్వరం తగ్గి, మొదటిసారి వాడు నోరు తెరిచింది నాన్న చేతి ముద్దకే. మెత్తటి అన్నం, పెసరకట్టు, చిటికెడు ఉప్పు. వేలి చివర అంటుకున్నంత అన్నం. అంతే, అప్పట్నించి వాడికి అన్నం అంటే నాన్న చెయ్యి. అమ్మ పెడితే తల తిప్పేసేవాడు, మామ్మ పెడితే ఉమ్మేసేవాడు.

నాన్న మళ్ళీ డ్యూటీలో చేరేడు. అప్పుడు చూడాలి మా ఇంటి తమాషా! ఫస్టు షిఫ్టు వారంలో నాన్న రెండు గంటలకి దిగి, సైకిలు తొక్కుకుని ఇంటికొచ్చి, స్నానం చేసి కూచునేసరికి మూడు. అంటే తమ్ముడికి ఆకలి మూడింటికి. సెకండ్ షిఫ్టు వారంలో నాన్న పన్నెండింటికే తినేసి వెళ్ళేవాడు. తమ్ముడికీ పన్నెండింటికే ఆకలి. నైట్ షిఫ్టు వారంలో పొద్దున్న ఏడింటికి ఇంటికొచ్చి నాన్న వేడన్నం తినేవాడు. పిల్లలందరూ పాలూ బ్రెడ్డూ తినే టైములో మా వాడు పప్పన్నం, వడియాలు. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ, మేం చాచీ అనేవాళ్ళం, గోడ మీంచి చూసి నవ్వేది. "ఈ పిల్లడికి కూడా డ్యూటీ చార్టు ఉందేమో, అడగండి" అని.

అలా నడుస్తూండగా ఆషాఢం వచ్చింది, వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం నాన్న మార్కెట్ నించి వస్తూ, ఎడం చేత్తో గొడుగు, కుడిచేత్తో సైకిలు హ్యాండిలు, హ్యాండిలుకి వాక్కాయల సంచీ. మలుపులో గేదె అడ్డొచ్చింది. బ్రేకు తడిసి పట్టలేదు. నాన్న ఎగిరి కుడిచెయ్యి మీద పడ్డాడు. గేదె మాత్రం ఉన్నచోటినించి కదల్లేదట. లేవదియ్యడానికొచ్చిన వాళ్ళతో నాన్న మొదట అన్న మాట, "ముందు ఆ వాక్కాయలు ఏరండి భయ్యా, ఇంట్లో మా అమ్మ పప్పు కుంపటి మీద పడేసి కూచుంది."

మణికట్టు విరిగింది. మోచేతి దాకా కట్టేసేరు. బొటనవేలిని కూడా కలిపి కట్టేసేరు. బయటికున్న నాలుగు వేళ్ళూ వాచిపోయి, మెతుకు కూడా పట్టుకోలేకపోయేవాడు. ఆరు వారాలు అలాగే ఉండాలన్నారు.

మర్నాడు భోజనం దగ్గర కూచున్నాక గాని ఎవరికీ తట్టలేదు, నాన్న ఎలా తింటాడని. అత్తగారి ముందు మొగుడికి ముద్దలు పెట్టడానికి అమ్మకి సిగ్గు. నాన్న నెమ్మదిగా ఎడం చేత్తో చెంచా అందుకున్నాడు.

"పెట్టు కింద," అంది మామ్మ.

"చెంచాయే కదమ్మా."

"చెంచా అయితే ఏటి? పట్టుకున్నది ఏ చెయ్యి?"

నాన్న చెంచా కింద పెట్టేసేడు. ప్లాంటులో వందమంది చేత పనిచేయించే మనిషి, మాట్లాడకుండా పెట్టేసేడు. మామ్మ కొంగు బిగించి కూచుని, వాక్కాయ పప్పు కలిపి, నలభయ్యేళ్ళ కొడుక్కి ముద్దలు పెట్టడం మొదలెట్టింది. "నోరు తెరు. ఇంకా పెద్దగా. చిన్నప్పుడూ ఇంతే, పిట్ట నోరు." నేను నవ్వాపుకోలేక వరండాలోకి పరిగెత్తేను.

కాని తమ్ముడు నవ్వలేదు. నాన్న ముందు బాసింపట్టు వేసుకుని, రోజూలాగే నోరు తెరిచి కూచున్నాడు. నాన్న చెయ్యి రాలేదు. కట్టు వైపు చూసేడు. అమ్మ ముద్ద పెట్టబోతే తోసేసేడు. మామ్మ పెట్టబోతే లేచి వెళ్ళిపోయేడు. ఆ రోజు కాసిని పాలు తాగేడు, అంతే. మర్నాడూ అంతే.

"ఎడం చేత్తో నాన్నే పెట్టొచ్చు కదా వాడికి? మామ్మకి ఎందుకంత పంతం?" అన్నాను అమ్మతో, సిగిడి దగ్గర విసురుతూ.

అమ్మ నా నోరు మూసింది. తరవాత నెమ్మదిగా చెప్పింది. నాన్నకన్నా ముందు మామ్మకి ఒక కొడుకు పుట్టేడట. తమ్ముడంత వయసప్పుడు, మామ్మ గంజి వారుస్తూండగా కుడిచెయ్యి కాలింది. వారం పదిరోజులు ఆ పిల్లాడికి ఎడం చేత్తోనే పెట్టింది. ఆ వారంలోనే వాడికి విషజ్వరం వచ్చి పోయేడు. "జ్వరానికీ చేతికీ సంబంధం ఏటని మనం అనుకుంటాం. ఆవిడకి అనకు. మీ నాన్న కూడా అందుకే అనడు," అంది అమ్మ. ఆ తరవాత ఎడం చెయ్యి మాటొస్తే నాకు మామ్మ మీద కోపం రాలేదు గాని, తమ్ముణ్ణి చూస్తే భయమేసేది. తట్టు పోసి లేచిన ఒళ్ళు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

మామ్మ ఊరుకుందా! వంటింట్లో యుద్ధం మొదలెట్టింది. తియ్యగుమ్మడికాయ బెల్లం పెట్టి పులుసు. తోటకూర మెత్తగా ఉడికించి పప్పులో. నువ్వుపొడి, నెయ్యి. అరటికాయకి ఆవపెట్టి, పిల్లాడికని ఆవ తగ్గించి. చాచీ వచ్చి బియ్యప్పిండిలో నీళ్ళు కలిపి పల్చగా చీలా పోసిచ్చింది, మన అట్టులాంటిదే. మామ్మ దాన్ని తిప్పి చూసి "పరవాలేదు" అంది, ఆవిడ నోట అది పెద్ద బిరుదు. నన్ను పక్కన కూచోబెట్టుకుని ఉసిరికాయంత ముద్దలు చెయ్యడం నేర్పింది. మెతుకు నలక్కూడదు, ముద్ద విడిపోకూడదు. నేతి చేత్తో అలా దొర్లించాలి. నా జీవితంలో నేను నేర్చుకున్న మొదటి వంట అదే.

"నువ్వంటే వాడికి ఇష్టం. వరండాలోకి తీసుకెళ్ళి ఆడిస్తా పెట్టు," అని గిన్నె నా చేతికిచ్చింది.

మొదటి రోజు నిజంగానే ప్రయత్నించేను. కాకిని చూపించేను, కుక్కలా మొరిగేను, గుడ్డబంతి మీద ముద్ద పెట్టి దొర్లించేను. వాడు నవ్వేడు, చప్పట్లు కొట్టేడు, నోరు మాత్రం తెరవలేదు. మధ్యాహ్నం వాన పడుతోంది. చేతిలో గిన్నె. వేడన్నం, దుబ్‌రాజ్ వాసన, నెయ్యి. తమ్ముడికని మామ్మ వేసినంత నెయ్యి మా కంచాల్లో ఎప్పుడూ పడేది కాదు. ఒక్క ముద్ద తిన్నాను, రుచి చూద్దామని. తరవాత ఇంకోటి. ఏం దాచను, మొత్తం తినేసేను.

ఖాళీ గిన్నెతో లోపలికెళ్ళేసరికి మామ్మ చూసింది. నేనింకా నోరు విప్పలేదు.

"తినీసేడా!" అంది. ఆ ముఖం వెలిగిపోయింది. "మొత్తం తినీసేడే! ఒసే కోడలా, ఇలా రా, చూడు, మన బంగారం తినిపించీసింది!"

అమ్మ పరిగెత్తుకొచ్చింది. నాన్న లోపల్నించి "శెభాష్" అన్నాడు. మామ్మ నా నెత్తి మీద చెయ్యేసి మెటికలు విరిచింది, బెల్లం ముక్క పెట్టింది. నిజం చెప్పడానికి నోట్లో బెల్లం అడ్డం. ఆ ఇంట్లో తమ్ముడు పుట్టేక నన్ను అంతగా ఎవరూ ముద్దు చెయ్యలేదు మరి. తప్పు నాదే, కాదనను. కాని ఆ బెల్లం చాలా తియ్యగా ఉంది.

మర్నాడు గుమ్మడికాయ పులుసన్నం తిన్నాను. ఆ మర్నాడు తోటకూర పప్పు. నాలుగోరోజు చీలా, దాని మీద బెల్లప్పాకం. వాడి ముందే కూచుని తినేదాన్ని. వాడు నా నోటికేసి చూస్తూ కూచునేవాడు. రాత్రి పడుకున్నాక మాత్రం వాడి పొట్ట మీద చెయ్యేసి చూసేదాన్ని, పాలు తప్ప ఏమీ పడక లోతుగా ఉండేది. రేపు తప్పకుండా పెడతాననుకునేదాన్ని. మర్నాడు గిన్నె చేతికి రాగానే మళ్ళీ అదే కథ.

అయిదో రోజు వాణ్ణి డిస్పెన్సరీకి తీసుకెళ్ళేం, తట్టు తరవాత చూపించమన్నారని. డాక్టరమ్మ వాణ్ణి తూకం బల్ల మీద కూచోబెట్టి, కాగితం చూసి, మళ్ళీ ముల్లు చూసింది.

"తగ్గేడు. చాలా తగ్గేడు. ఏం పెడుతున్నారు?"

"రోజూ గిన్నెడు తింటన్నాడు కదండీ!" అంది మామ్మ. "పప్పు, నెయ్యి, గుమ్మడికాయ..."

"ఇంకో రెండు రోజులు చూడండి. అన్నం లోపలికి పోకపోతే అడ్మిట్ చేసి గ్లూకోజ్ ఎక్కించాలి. ఈ ఒంటికి ఇంకో జ్వరం వస్తే తట్టుకోలేడు."

మామ్మ గోడ పట్టుకుంది. అమ్మ మెల్లిగా తల తిప్పి నాకేసి చూసింది. నా బుగ్గలకేసి. రిక్షాలో ఇంటికి వచ్చినంతసేపూ మామ్మ తనలో తను గొణుక్కుంటూనే ఉంది, "తింటన్నాడు, ఒంటికి పట్టటం లేదు. తింటన్నాడు, పట్టటం లేదు. మళ్ళీ అదే వచ్చింది." ఆ "మళ్ళీ" పోయిన ఆ కొడుకు గురించని అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇంటికి రాగానే నాన్న దగ్గరికెళ్ళి చెప్పేసేను. వరండాలో మంచమ్మీద, చెయ్యి మెడకి కట్టుకుని కూచున్నాడు. ఏడుస్తూ చెప్పేను. నాన్న అంతా విన్నాడు.

"నాలుగు రోజులూ నువ్వే తిన్నావా?"

"ఊఁ."

"బాగుందా?"

"బాగుంది," అన్నాను.

నాన్న ఎడం చేత్తో నా కళ్ళు తుడిచేడు. "వెళ్ళి మీ మామ్మకి నువ్వే చెప్పు. ఆవిడ ఇంకోలా అనుకుని కుమిలిపోతంది. ఆ బరువు నీవల్ల పడింది, నువ్వే దించాలి," అన్నాడు.

మామ్మ వంటింట్లో ఉంది, సిగిడి ముందు, గరిటె చేతిలో. చెప్పేను. గరిటె దెబ్బ కోసం భుజం ముడుచుకుని నిలబడ్డాను. దెబ్బ పడలేదు. ఆవిడ కింద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొదట నాకు భయమేసింది. తరవాత ఆవిడ మాటలు వినబడ్డాయి.

"అయితే తినలేదా! తిని పట్టకపోవడం కాదా! అమ్మ కడుపు చల్లగా... దొంగముండా, ఎంతపని చేసేవే! తినలేదు, అంతే కదా? తినకపోతే తినిపించుకుంటాం." నన్ను లాగి ఒళ్ళో వేసుకుంది. అప్పుడు పడింది వీపు మీద ఒక్కటి, గట్టిగా. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

గోల విని చాచీ వచ్చింది. సంగతి విని, నడుం మీద చెయ్యేసుకుని, తన హిందీలో అంది: "అందరూ వాడి చుట్టూ తిరిగి నోట్లో కుక్కుతుంటే వాడేం తింటాడు అమ్మా? మా ఊళ్ళో పిల్లలకి విడిగా ఎవరు పెడతారు? పళ్ళేలు పెట్టి అందరం ఒక్కసారే కూచుంటాం. మధ్యలో వాణ్ణి వదిలెయ్యండి. వాడికేసి చూడకండి."

మా ఇంట్లో అందరూ ఒక్కసారి కూచుని తినడం అనేదే లేదు. నాన్న షిఫ్టుని బట్టి ముందు నాన్న, తరవాత మేము, అన్నీ అయేక అమ్మా మామ్మా. మామ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరే, రేపు అలాగే కూచుందాం," అంది.

మర్నాడు మధ్యాహ్నం వాన వెలిసి ఎండొచ్చింది. వంటింట్లో చాపలు పరిచేం. అన్నం, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, వడియాలు. నాన్న, పక్కన మామ్మ, ఎదురుగా అమ్మా నేనూ. మధ్యలో తమ్ముడు, మొలతాడు తప్ప ఒంటిమీద ఏమీ లేకుండా. ఎవరం వాడికేసి చూడలేదు. చూడకుండా ఉండడం ఎంత కష్టమో! అమ్మయితే పప్పు కలుపుతున్నట్టు ఉత్త చేతిని కంచంలో తిప్పుతోంది.

మామ్మ పప్పన్నం కలిపి, కంచం అంచున ముద్దలు చేసి పెట్టి, నాన్న నోట్లో ఒకటి పెట్టింది. రెండోది పెట్టబోతూ "అయ్యో, నెయ్యి మరిచిపోయేను," అని లేచి అలమార దగ్గరికి వెళ్ళింది.

నాన్న నోరు తెరిచే ఉంది. ముందు కంచం, కంచంలో ముద్దలు, చెయ్యి మెడకి వేలాడుతోంది. అలాగే నోరు తెరుచుకుని కూచున్నాడు.

తమ్ముడు నాన్న నోటికేసి చూసేడు. కంచంకేసి చూసేడు. లేచి, తప్పటడుగులతో వెళ్ళి, నాన్న మోకాలు పట్టుకుని వంగేడు. వాడి కుడిచెయ్యి మోకాలి మీద ఉంది కదా, ఎడం చేత్తో ముద్ద తీసేడు. సగం కంచంలోనే రాలిపోయింది. మిగిలింది తీసుకెళ్ళి నాన్న నోట్లో కుక్కేడు, ముక్కుకీ మీసానికీ అంతా పులిమి. "ఆమ్," అన్నాడు, నాన్న వాడితో రోజూ అనేలాగే.

నాన్న నమల్లేకపోయేడు. కళ్ళలోంచి నీళ్ళు కారి మీసమ్మీది పప్పులో కలిసేయి. తమ్ముడు తన చెయ్యి చూసుకున్నాడు. అయిదు వేళ్ళకీ అన్నం. నోట్లో పెట్టుకుని నాకేడు. మళ్ళీ కంచంలో చెయ్యి పెట్టేడు. ఈసారి తన నోట్లోనే పెట్టుకున్నాడు. నమిలి మింగేడు. ఇంకోటి నాన్నకి. ఇంకోటి తనకి.

అమ్మ నా చెయ్యి పట్టుకుని నొక్కేసింది. మామ్మ నేతి గిన్నెతో అలమార దగ్గరే నిలబడిపోయింది, ఎప్పట్నించి చూస్తోందో తెలీదు.

నాన్న కడుపు నిండిందనుకున్నాడో ఏమో, తమ్ముడు ఊరి మీద పడ్డాడు. అమ్మకొకటి పెట్టేడు. నాకొకటి పెట్టేడు, నాలుగు రోజులు వాడి అన్నం తిన్న దొంగకి. పిడికిట్లో ఇంకో ముద్ద నలుపుకుంటూ మామ్మ దగ్గరికి వెళ్ళి, చీర పట్టుకుని, ఎడం చెయ్యి పైకెత్తేడు.

"ఆమ్!"

మామ్మ ఆ చేతికేసి చూసింది. ముఖం రంగు మారిపోయింది.

"కుడి చెయ్యి బాబూ, కుడి చేత్తో..." అంటూ అమ్మ గబుక్కున లేవబోయింది.

మామ్మ వద్దని చెయ్యి చూపించింది. నేతి గిన్నె కింద పెట్టింది. మోకాళ్ళు నొప్పని ఎప్పుడూ వంగని మనిషి, మెల్లిగా వాడి ముందు కూచుంది. కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. వాడు పెట్టేడు. చాలాసేపు నమిలింది. వాడు ఆవిడ నోట్లోకి తొంగి చూసేడు, మింగిందా లేదా అని. మింగింది.

కళ్ళు తెరిచి, నాన్నకేసి తిరిగింది. "ఏట్రా అలా చూస్తన్నావు? పిల్లాడికి ఆకలేస్తంది. ఎడం చెయ్యి బాగానే ఉంది కదా, పెట్టు వాడికి," అంది.

నాన్న ఎడం చేత్తో వంకరటింకరగా కలిపేడు. తమ్ముడు కంచం ఖాళీ చేసేవరకూ కదల్లేదు. మామ్మ వాడి వెనకాలే కూచుని, నాన్న ఎడం చేతిని కన్నార్పకుండా చూస్తూ, వాడి వీపు మీద తన చెయ్యి ఆనించి ఉంచింది. భోజనం అయేదాకా తియ్యలేదు.

రెండు రోజుల తరవాత తూకం ముల్లు కాస్త కదిలింది. అడ్మిట్ చెయ్యక్కర్లేదన్నారు. ఆరు వారాలకి నాన్న కట్టు విప్పేరు. ఆ మర్నాటినించి మామ్మ మిగతా రూల్సు మళ్ళీ యథాప్రకారం, నాకు గరిటె దెబ్బలు యథాప్రకారం. నేనే కాస్త మారేను. ఖాళీ గిన్నె చూపించి మెప్పు పొందాలన్న ఆశ మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఇప్పుడు నాకు ఆనాటి మామ్మ వయసొచ్చింది. నాకూ కొన్ని భయాలున్నాయి, ఏళ్ళతరబడి పట్టుకుని కూచున్నవి. పిల్లలు నవ్వుతారని ఎవరికీ చెప్పను. వాటిని వదలడం ఎంత కష్టమో నాకిప్పుడు తెలుసు. నలభయ్యేళ్ళకి పైగా గుండెల్లో మోసినదాన్ని మా మామ్మ, పిల్లాడికి ఆకలేస్తోందని, ఒక్క ముద్ద నమిలినంతసేపట్లో వదిలేసింది.